రెండు మెట్లు కిందికి దిగిన పాట

పోయిన గురువారం మదనపల్లె బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ముందు నిలబడి ఉండగా లోపలి నుంచి ఒక పాట వినిపించింది. మొదటి నాలుగు దెబ్బలకే గుర్తుపట్టాను. గిటార్లు బండరాళ్ళు దొర్లించినట్టు మోగే ఇంగ్లీషు పాట. డెబ్బై నాలుగేళ్ళ మనిషి గుర్తుపట్టవలసిన పాట కాదు. గుర్తుపట్టడమే కాదు, అది తప్పుగా ఉందని కూడా తోచింది. ఊరికే పరుగెత్తుతోంది, పలచగా ఉంది. లోపలికి పోయి, "ఏమప్పా, ఈ పాట ఇంత తొందరగా పోతాండాదే, మిషన్లో ఏమన్నా తప్పుండాదా?" అని అడిగాను. అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, "లేదమ్మా, అసలు పాటే ఇంత. నువ్వు యాడ విన్నావు దీన్ని?" అన్నాడు. ఎక్కడ విన్నానో చెప్పాలంటే ఇరవై ఆరేళ్ళు వెనక్కి పోవాలి. తేదీలతో సహా చెప్పగలను, అదే నా ఇబ్బంది.

నేను లెక్కల టీచరుగా పనిచేశాను. బల్బు మార్చినా, గ్యాసు సిలిండరు పెట్టినా, కొత్త చీపురు కట్ట విప్పినా దాని మీద తేదీ రాయడం నాకు అలవాటు. ఏ వస్తువు ఎన్నాళ్ళు రావాలో నా దగ్గర ఒక లెక్క ఉండేది. ఆ లెక్కకు ముందే అది పాడైతే నన్ను మోసం చేసినట్టు అనిపించేది. "మా అక్క ఇడ్లీల మీద కూడా తేదీ ఏస్తాది" అని తమ్ముడు అందరి దగ్గరా చెప్పేవాడు. మా అమ్మకు ఆఖరి కాన్పు వాడు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. మదనపల్లెలో నా దగ్గరే ఉంటూ, పెళ్ళిళ్ళలో పాడే ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. తొంభైలలో కీబోర్డులు వచ్చాయి. ఒక్క పెట్టెలోనే డోలు, వేణువు, వయొలిన్, చివరికి గిటారు కూడా. తొంభై ఎనిమిది జూన్‌లో ఆర్కెస్ట్రా ఓనరు వాణ్ణి పిలిచి, "ఒక్క మనిషే అన్నీ వాయించేస్తాండాడప్పా, ఇంక నిన్ను వ్యానులో కూర్చోబెట్టేదానికి కూడా చోటు లేదు" అన్నాడు. వాడు జిరాక్సు అంగడిలో పనికి కుదిరాడు. ఇంట్లో మాట తగ్గింది, అన్నం తగ్గింది.

ఆ రోజుల్లో వాడికి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు పుంగనూరులో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే భాయ్. ఆయన కూడా ఒకప్పుడు అదే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించినవాడే. బెంగుళూరులో ఎవరి దగ్గరో రికార్డు చేయించి ఒక అమెరికా బ్యాండు క్యాసెట్టు తెచ్చుకున్నాడు. ఆ బ్యాండు పేరు భాయ్ పలికినట్టు రాస్తే వాళ్ళే గుర్తుపట్టరు గనుక రాయను. పాడేవాడు ఏమంటున్నాడో ఇద్దరికీ ఒక్క ముక్క తెలియదు. గిటార్ల కోసమే విన్నారు. నాకు మొదటిసారి అది బోరు లారీ రాతి పొర దగ్గర మొరాయించినట్టు వినిపించింది. భాయ్ మాత్రం కళ్ళు మూసుకుని, "సూడక్కా, లావు తీగెను దించి కట్టినారు. అందరూ తీగెలు బిగించి మెరుపు సూపిస్తారు, వీళ్ళు వదులు చేసి బరువు సూపిస్తాండారు" అనేవాడు. వాళ్ళిద్దరూ ఒక్కొక్క దెబ్బను పదిసార్లు వెనక్కి తిప్పి వింటూ, కుడిచెయ్యి ఎక్కడ ఆపాడు, ఎక్కడ వదిలాడు అని వాదించుకునేవాళ్ళు. ఒక మనిషి పనిని ఇంకొక పనివాడు మెచ్చుకోవడంలో ఉండే మర్యాదను నేను ఆ అంగడిలోనే చూశాను.

అప్పుడే కుప్పంలోని ఒక ఇంజనీరింగు కాలేజీ నుంచి కబురు వచ్చింది. పిల్లలకు గిటారు నేర్పే మాస్టరు కావాలి, వారానికి మూడు రోజులు పని. ఆ కాలేజీ పిల్లలకు కూడా ఈ బ్యాండు పిచ్చే. వార్షికోత్సవంలో వాళ్ళతో కలిసి ఈ పాట వాయించాలి, ప్రిన్సిపాలు మెచ్చితే పని. తమ్ముడు డిసెంబరు మొదటి వారంలో భాయ్ క్యాసెట్టు ఇంటికి తెచ్చాడు. "ఇది కూడా కాకపోతే గిటారు అమ్మేస్తానక్కా. దాన్ని గోడకు తగిలించుకుని సూస్తా బతకలేను" అన్నాడు.

జిరాక్సు అంగడి నుంచి వాడు వచ్చే వేళకు మా వీధిలో రోజూ కరెంటు పోయేది. అందుకని టేపురికార్డరు బ్యాటరీల మీదే నడిచేది. రోజుకు అరగంట అని నేను హద్దు పెట్టాను. నా సాయం ఇంకొకటి కూడా ఉంది. ఆ పాట నాలుగు దెబ్బల లెక్కలో నడవదు, ఏడు. మూడు, నాలుగు అని విడిపోతుంది. సంగీతం తెలిసినవాళ్ళు మిశ్రచాపు అంటారట. వాడు ఎనిమిదో దెబ్బ వేసి తప్పిపోతుంటే నేను బల్ల మీద స్కేలుతో లెక్క కొట్టి నిలబెట్టాను. వాడు రోజూ టేపు విని, దానికి సరిపోయేటట్టు తీగెలు సవరించుకునేవాడు. రోజురోజుకూ వాడి ముఖం వెలిగేది. "ఈ పొద్దు ఇంకా లోతు కనిపించిందక్కా. ఎంత కిందికి దించి కట్టినారో సూడు, మహానుభావులు!" అనేవాడు. రంజాన్ నెల, దాని వెనకే పండుగ రావడంతో భాయ్ మదనపల్లెకు రాలేదు. వాడి వాయింపు విన్నది నేనొక్కదాన్నే.

తొంభై తొమ్మిది జనవరి ముప్పై, శనివారం. తమ్ముణ్ణి ఒంటరిగా పంపితే బస్సు తప్పిస్తాడని నేనే సెలవు పెట్టి బయలుదేరాను. పుంగనూరులో భాయ్ ఎక్కాడు. దారి పొడుగునా తమ్ముడు గిటారు సంచిని పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, తొడ మీద ఏడు దెబ్బలు వేసుకుంటూ కూర్చున్నాడు. అయిదు గంటలకు ఉత్సవం, మూడున్నరకు రిహార్సలు. గదిలోకి అడుగు పెట్టగానే నాకు కనిపించింది ఒక మూల కూర్చున్న కీబోర్డు మాస్టరు. వీడు పనికి రాకపోతే ఆయన. పెట్టెకు ముసుగు కూడా తీయలేదు, తీయవలసిన సమయం వస్తుందని తెలిసినవాడిలా.

కాలేజీ తరఫున గిటారు వాయించేది ఒక అమ్మాయి. ఆ అమ్మాయి, తమ్ముడు కలిసి మొదలుపెట్టారు. మూడు దెబ్బలు కాకముందే అందరూ చెవులు మూసుకున్నారు. రెండు గిటార్లు రెండు ఊళ్ళ బస్సుల్లా చెరొక దారిన పోయాయి. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అంతే. వాడిది శ్రుతిలో రెండు మెట్లు కింద ఉంది, నిదానంగా కూడా ఉంది. కార్యక్రమాలు చూసే లెక్చరరు గడియారం చూసుకుని, "ఏమప్పా, నేర్చుకుని వచ్చినావా, ఈడికి వచ్చి నేర్చుకుంటాండావా? అరగంట టైమిస్తా. కాకపోతే ఆ సారుతో కానిచ్చేస్తా" అన్నాడు. తమ్ముడు తీగెలు పైకి బిగించడం మొదలుపెట్టాడు. పాతవి, తుప్పు పట్టినవి. మూడో తీగె టప్పున తెగి వాడి మణికట్టు మీద గీత పెట్టింది. కుప్పంలో తీగెలు దొరకవు.

భాయ్ నన్ను వరండాలోకి పిలిచాడు. మెల్లగా, "అక్కా, టేపులో బ్యాటరీలు ఎప్పుడు ఏసినావు?" అని అడిగాడు.

"నవంబరు తొమ్మిది, సోమవారం" అన్నాను. అడగగానే చెప్పగలిగినందుకు ఆ స్థితిలో కూడా నాకు కొంచెం గర్వమే.

"మళ్ళీ మార్చలేదా?"

"మూడు నెలలు కాలేదు గదప్పా. ఎనభై రెండు రోజులే."

ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బ్యాటరీ దిగితే మోటారు నిదానిస్తాదక్కా. టేపు నిదానంగా తిరిగితే పాట కిందికి జారతాది."

అప్పటికి గాని నాకు వెలగలేదు. వాడు రోజురోజుకూ కనిపెట్టి మురిసిపోయిన లోతు ఆ అమెరికా వాళ్ళది కాదు, నా పొదుపుది. లోపలికి పోయి చెప్పేద్దామని నోరు తెరిచేలోగా భాయ్ నాకన్నా ముందు నడిచి, "తప్పు నాది, తమ్ముడూ. నా క్యాసెట్టు సాగిపోయింది. సూసుకోకుండా ఇచ్చేసినా" అన్నాడు.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "సూసుకోకుండా యాల ఇచ్చినావు భాయ్? నీకు అంగడి ఉండాది, నాకేముండాది? నా బతుకు నీకు ఆటైపోయిందా? ఇంక నా ముఖం సూడద్దు, పో!" అని అందరి ఎదుటా అరిచాడు. ఇంకా చాలా అన్నాడు. భాయ్ తల దించుకుని తెగిన తీగెను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడితే వాడు ఇంకా కుంగిపోతాడని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. అందరి తప్పులూ దిద్దిన మనిషికి తన తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే.

అంతలో ఆ అమ్మాయి తన గిటారు మరలు తిప్పడం వినిపించింది. బిగించడం లేదు, వదులు చేస్తోంది. "అన్నా, నువ్వు పైకి రావద్దు. మేమే దిగుతాం. ఇందాక నీ ఒక్కడి గిటారు విన్నా. మాదానికన్నా అదే బరువుగా ఉండాది" అంది. పాడే పిల్లవాడు అంత కిందికి గొంతు పోదని గొణిగితే, "కప్ప మాదిరి అరిస్తే సరిపోతాది" అని కసిరింది. తమ్ముడు బిగించినవాటిని మళ్ళీ దించుకుని, తెగిన తీగె పోగా మిగిలిన అయిదింటితోనే కూర్చున్నాడు.

అయిదు గంటల పన్నెండు నిమిషాలకు మొదలుపెట్టారు. కాళ్ళ కింద నేల కొంచెం కదిలినట్టు అనిపించింది. ఏడు, మళ్ళీ ఏడు. నేను స్కేలు లేని చేతులను ఒళ్ళో బిగించి పట్టుకున్నాను. ఈలలు వేస్తూ వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే నోరు మూసి నిలబడిపోయారు. అంత నిదానమైన పాటలో ఎక్కడ తప్పినా దాచుకునే చోటు ఉండదు, వాడు తప్పలేదు. అయిపోయాక ప్రిన్సిపాలు లెక్చరరు వైపు వంగి, "ఇది పాటేనా?" అన్నారు. "తెలీదు సార్. కానీ పిలకాయలు కదల్లేదు" అన్నాడు లెక్చరరు. తరువాత తమ్ముడి దగ్గరికి వచ్చి, "సోమవారం నుంచి రాప్పా. కొత్త తీగెలు ఏసుకుని రా" అన్నాడు.

తమ్ముడు అక్కడ తొమ్మిదేళ్ళు నేర్పాడు. భాయ్‌తో ఒక నెల మాట్లాడలేదు. తరువాత మాట్లాడాడు గాని, నలుగురు చేరితే చాలు, "వీడి సాగిపోయిన క్యాసెట్టుతో నా కొంప మునిగేది" అని ఎత్తిపొడిచేవాడు. భాయ్ నవ్వేవాడు. నా వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. చూసి ఉంటే నేను చెప్పేసేదాన్నేమో.

నిన్న తమ్ముడు వచ్చినప్పుడు అంతా చెప్పాను. వాడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. కోప్పడలేదు. "అయితే ఆ పొద్దు నేను భాయ్‌ను తిట్టిన తిట్లన్నీ యాడికి పోయినట్టక్కా?" అన్నాడు.

భాయ్ రెండువేల ఆరు జూన్‌లో పోయారు. అంటే ఆయనకు ఒక్క మాట చెప్పడానికి నాకు ఏడు సంవత్సరాల అయిదు నెలలు ఉండింది. లెక్కలో తప్పు లేదు, రెండుసార్లు సరిచూశాను. అంత కాలం ఉండి కూడా అందులో ఒక్క నిమిషం నాకు ఎందుకు దొరకలేదో అదే అర్థం కావడం లేదు.