సున్నపురాయిలో చప్పుడు

ఏర్పేడు దగ్గర పరిశోధనశాలలో నా పని రాయికి యాసిడ్ తాగించడం. కొన్ని సున్నపురాళ్లలో చమురు ఉంటుంది కానీ బయటికి రాదు. రాయి అంత బిగువు. అందుకని బావిలోకి ఒత్తిడితో యాసిడ్ పంపి రాయిని పగలదీస్తారు. ఆ యాసిడ్ పగులు గోడలను ఎగుడుదిగుడుగా తినేస్తుంది. తర్వాత నేల బరువుకు పగులు మూసుకోబోయినా గతుకుల గోడలు పూర్తిగా అతుక్కోవు. మిగిలిన సందుల్లోంచి చమురు నడుస్తుంది. ఆ సందులు ఎంతవరకు నిలుస్తాయో చూడటానికి రెండు రాతి పలకలను ఉక్కు డబ్బాలో ఎదురెదురుగా పెట్టి, మధ్యలో యాసిడ్ పారించి, ఆపైన గట్టిగా నొక్కుతాం.

నాతో పనిచేసే టెక్నీషియన్ పక్క ఊరి రైతు. నాకంటే చాలా పెద్దవాడు, ఒకప్పుడు బోరు బండి మీద తిరిగినవాడు. అన్నా అని పిలిచేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం యాసిడ్ పారించడం అయిపోయింది. పలకలను కడిగి, బరువు పెట్టి, పంపు ఆపేశాం. డబ్బా తుడుస్తున్న ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మేడమ్, లోపల ఎవురో తడతాండారు."

నవ్వబోతూనే చెవి ఆనించాను. టక్, టక్, టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మూడు.

"బరువుకు గతుకుల మొనలు విరుగుతున్నాయన్నా," అన్నాను. కానీ మొనలు లెక్కపెట్టుకుని విరుగుతాయా? నాలుగోసారి కూడా మూడే వినబడ్డాయి.

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. "మా పక్క సేను ఆయన నీళ్లు సాలక, బోర్లోకి మిషన్‌తో నీళ్లు కొట్టించి రాయి పగలగొట్టిచ్చినాడు. ఆయనకు నీళ్లు పడినాయి. నా బోరు ఎండిపాయ. ఆ పొద్దునించీ అది ఊపిరి పీలస్తాండాది."

"బయట గాలి ఒత్తిడి మారినప్పుడు లోతు బోర్లు గాలి పీల్చి వదులుతాయన్నా. మామూలే."

"మామూలే అయితే వచ్చి సూడు మేడమ్."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. వేరుశనగ పీకేసిన చేను. మధ్యలో బోరు గొట్టం, దాని మీద మూతగా ఒక బండ. ఆయన బండ జరిపి, గుప్పెడు శనక్కాయల పొట్టు గొట్టం మూతి దగ్గర పట్టుకున్నాడు. పొట్టు కింద పడలేదు, లోపలికి ఎగిరిపోయింది. అరచెయ్యి పెట్టాను. ఎవరో పెదవులు ఆనించి లాగుతున్నట్టు చర్మం బిగిసింది. కారణం నాకు తెలుసు. తెలిసినా చెయ్యి వెంటనే తీసేశాను.

పన్నెండు దాటాక లాగడం ఆగింది. కాసేపటికి గొట్టంలోంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. ల్యాబ్‌లో డబ్బా విప్పినప్పుడు వచ్చే తడిరాయి వాసన అది. అన్నం తీసుకొచ్చిన ఆయన భార్య గట్టు దిగలేదు.

"సాలు, మూసేయండి. ఒకసోట పొడిస్తే ఇంకోసోట పలకతాండాది. దాన్ని కెలకద్దమ్మా," అంది.

సోమవారం పలకల మధ్య చమురు పంపి చూశాం. ధారగా వచ్చింది. నేను ఆశించినదానికంటే చాలా ఎక్కువ. డబ్బా విప్పాక కారణం కనబడింది. పలకలో సున్నం కరిగిపోయి, ఒక నత్తగుల్ల నిలబడి ఉంది. ఏ కాలం నాటి సముద్రానిదో, యాసిడ్‌కు లొంగని రాయిగా మారిపోయింది. అంత బరువునూ మోస్తూ రెండు గోడలనూ విడిగా పట్టుకుంది అదే. దాని చుట్టల అంచు మూడుచోట్ల మాత్రం కొత్తగా విరిగి ఉంది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. నేను నివేదికలో గుల్ల సంగతి రాశాను. చప్పుడు సంగతి రాయడానికి అందులో గడి లేదు. మూడుచోట్ల విరిగినది అన్నిసార్లు ఎలా తట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ నెలలోనే ఆయన మట్టి పరీక్షల విభాగానికి బదిలీ చేయించుకున్నాడు. వెళ్లేరోజు సామాను సర్దుకుంటూ, "ఇంక దానికి చెవి పెట్టద్దు మేడమ్," అన్నాడు.

"ఎందుకన్నా?"

"మనం ఇంటాండామని దానికి తెలిసిపోతాది."

ఏదో చెప్పి నవ్వేశాను. ఆయన నవ్వలేదు. తర్వాత ఎన్నో పలకలు నొక్కాను. కొన్ని చక్కగా నిలిచాయి, కొన్ని పిండి అయిపోయాయి. ఏ డబ్బాకూ చెవి మాత్రం ఆనించలేదు.