ఎదురుకాళ్ళ పిల్ల

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిన్నచూపే. చెప్పేవాడు తను చూసింది చెప్పడు, వాళ్ళ బావమరిది స్నేహితుడు చూసింది చెబుతాడు. అడిగితే ఏ వారమో గుర్తుండదు, గది ఎంతో తెలియదు, వెలుతురు ఎటునుంచి వచ్చిందో తెలియదు. అలాంటి కబుర్లు మొదలవగానే నేను లేచి వెళ్ళిపోతాను. ఇదీ అలాంటిదే అనిపించినవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళవచ్చు. నేనేమీ అనుకోను.

జరిగింది అమెరికాలో, అర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో, బుధవారం పొద్దున్న పదిన్నరకి, లైట్లన్నీ వెలుగుతున్న క్లినిక్‌లో. అప్పుడు నేను ఫిజికల్ థెరపీ డాక్టరేట్ చివరి సంవత్సరంలో ఉన్నాను.

ఈ చదువేమిటో మనవాళ్ళకి తెలిసింది సున్నా. ఇక్కడ ఏ తెలుగువారింటికి భోజనానికి వెళ్ళినా, "ఓ, ఫిజియోనా? మసాజ్ కదా! కాస్త ఈ మెడ చూడమ్మా" అంటూ ప్లేట్ పట్టుకునే వెనక్కి తిరిగి కూర్చునే ఆంటీ ఒకరుంటారు. "మెడిసిన్ ట్రై చేయలేదా?" అని జాలిపడే అంకుల్ ఇంకొకరు. ఆయన పన్నెండేళ్ళుగా ఒకే వెబ్‌సైట్‌లో బటన్లు అటూ ఇటూ జరుపుతున్న మనిషి.

మొదటి సెమిస్టర్‌లోనే మమ్మల్ని ఒక మృతదేహం ముందు నిలబెట్టారు. చదువుకోసం తన శరీరాన్ని ఇచ్చి వెళ్ళిన మనిషి. చర్మం తీసి, ఒక్కొక్క కండరాన్నీ విడదీసి, అది ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో, ఏ నరం దాన్ని కదిలిస్తుందో చెప్పాలి. తర్వాత బతికున్నవాళ్ళ మీద. క్లాసులో ఒకరికొకరం పేషెంట్లం. ఒకరి వీపు మీద ఒకరం పెన్సిల్‌తో వెన్నుపూసలు గీసుకునేవాళ్ళం. కీలు ఎన్ని డిగ్రీలు వంగిందో గోనియోమీటర్‌తో కొలిచేవాళ్ళం. కండరం బలానికి సున్నానుంచి ఐదుదాకా మార్కులు. నడకని కూడా ముక్కలు చేసి చదవాలి, మడమ ఎప్పుడు ఆనింది, బరువు ఎప్పుడు మారింది, బొటనవేలు నేలని ఎప్పుడు తోసింది అని. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, నడుంనొప్పి వెనక ఇంకే పెద్ద జబ్బైనా దాక్కుందేమో ప్రశ్నలతో పట్టుకోవడం, ఇలా మూడేళ్ళు. మసాజ్ అట.

మా బ్యాచ్‌లో సగంమంది హైస్కూల్లో ఆటలాడి మోకాలు విరగ్గొట్టుకుని, బాగుచేసిన థెరపిస్ట్‌ని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటూ ఈ చదువుకి వచ్చినవాళ్ళు. "ఐ వాంట్ టు హీల్ పీపుల్" అంటారు. నాకు అలాంటి రోగమేమీ లేదు. శరీరం గురించి ఊహలు చెప్పకుండా కొలిచి చెప్పే చదువని చేరాను.

దానికి కారణముంది. మాది గోదావరివైపు ఒక చిన్న జమీందారీ. ఊళ్ళో మా ఇంటిని ఇప్పటికీ దివాణమనే అంటారు, అందులో ఇప్పుడు కోళ్ళ మేత బస్తాలున్నా సరే. నేను పుట్టేనాటికే భూములు పోయాయి. మర్యాదలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. మా నాయనమ్మ చివరిదాకా కుర్చీకి వీపు ఆనించి కూర్చోలేదు. నేనూ కూర్చోను.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టిన పిల్ల నడుం పట్టేసినవాళ్ళని ఎడమకాలితో మూడుసార్లు తొక్కితే పట్టు వదులుతుందని మావైపు నమ్మకం. నాకు నడక వచ్చినప్పటినుంచి వారానికి ఒకరిద్దరు వచ్చి మా వరండాలో బోర్లా పడుకునేవారు. నాయనమ్మ నా రెక్క పట్టుకుని వాళ్ళ నడుం మీద కాలు వేయించేది. తగ్గిందనేవారు. నాకు ఐదేళ్ళు వచ్చాక ఎందుకో మానేశారు. చాలా నడుంనొప్పులు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయని రెండో సెమిస్టర్‌లో చదివిన రోజు క్లాసులో పైకే నవ్వాను. ఈ సంగతి అమెరికాలో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కాదు, చెప్పదగ్గది కాదని.

చివరి ఇంటర్న్‌షిప్ పన్నెండు వారాలు. నా పని చూసి పాసో ఫెయిలో తేల్చేది డెన్నిస్ అనే థెరపిస్ట్. ఆరోవారం కూర్చోబెట్టి చెప్పాడు.

"నీకు తెలియనిది లేదు. కానీ నువ్వు పేషెంట్లని ముట్టుకోవు. కొలవడానికి ముట్టుకుంటావు, నయం చేయడానికి ముట్టుకోవు. వాళ్ళకది తెలుస్తోంది. విజిట్లు పూర్తయి డిశ్చార్జ్ అయ్యేలోగా మిసెస్ రూత్‌కి నీ చేతులతో ఏదైనా మార్పు తెచ్చి చూపించు. లేకపోతే నిన్ను పాస్ చేయలేను."

పాస్ కాకపోతే డిగ్రీ లేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఫెయిల్ భయంకన్నా, ఆ మాట అనే అర్హత అతనికి ఎక్కడిదన్న కోపమే ఎక్కువ.

అతనన్న మిసెస్ రూత్ మన రూతమ్మగారు. అరవై ఎనిమిదేళ్ళు. కూతురి దగ్గర ఉంటున్నారు. కూతురు ఆఫీస్‌కి వెళ్తూ ఆమెని క్లినిక్ దగ్గర డ్రాప్ చేసి వెళ్ళేది. ఆదివారం తెలుగు చర్చి, మిగతా రోజులు నడుంనొప్పి. నొప్పి కుడి పిరుదులోంచి పిక్కదాకా దిగేది. వెల్లకిలా పడుకోబెట్టి కుడికాలు నిటారుగా ఎత్తితే ముప్పై ఐదు డిగ్రీల దగ్గర అరిచేవారు. ఒకపక్కకి ఒరిగి నడిచేవారు. ఆరు విజిట్లలో ఒక్క డిగ్రీ కూడా మారలేదు. నోరు మాత్రం బాగా నడిచేది.

"ఏం డాక్టరమ్మా, ఇయ్యాల కూడా దూరంనుంచే చూత్తావా? నేనేమన్నా టీవీనా?"

ఏడో విజిట్‌లో ఆమెని బల్లమీద బోర్లా పడుకోబెట్టాను. పొట్టకింద దిండు. వీపు దగ్గర గౌను తెరిచి ఉంది. బోర్లా తిప్పకముందే కాలు ఎత్తి కొలిచాను, ముప్పై ఐదే. వీపు మీద ఇంకా చెయ్యి వేయలేదు. ఆ కొలత ఎక్కించడానికి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాను. బల్లకీ కంప్యూటర్‌కీ మధ్య దూరం తర్వాత టేపుతో కొలిచాను: రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. డెన్నిస్ తెరిచిన తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. గదిలో నాలుగో మనిషి లేడు.

"అబ్బ... అక్కడే. ఇంకాస్త కిందకి తొక్కు తల్లీ" అన్నారు రూతమ్మగారు.

తిరిగి చూశాను. ఆమె మొహం ఊపిరికోసం బల్లకి చేసిన కంతలో ఉంది, చేతులు రెండూ పక్కలకి వేలాడుతున్నాయి. నడుం దగ్గర ఒళ్ళు మాత్రం ఎవరో బరువు మోపినట్టు కిందికి నొక్కుకుపోయి, తేలింది. మళ్ళీ నొక్కుకుపోయింది. మూడోసారి కూడా. తర్వాత ఆమె పెద్దగా ఊపిరి వదిలారు.

"హమ్మయ్య. వదిలేసింది."

దగ్గరికి వెళ్ళాం. వెన్నుకి కుడిపక్కన, నాలుగు ఐదు నడుం పూసలున్న చోట, చర్మం ఎర్రగా కంది ఉంది. మడమ, పాదం అంచు, వేళ్ళు.

"ఇది పాదమా?" అన్నాడు డెన్నిస్. సమాధానం కోసం ఆగకుండా జేబులోంచి టేపు తీశాడు. పదిహేడు సెంటీమీటర్లు. ఐదేళ్ళ పిల్ల పాదమంత. ఎడమ పాదం.

వేళ్ళు నాలుగే కనబడ్డాయి. రెండోది మామూలుకన్నా రెట్టింపు వెడల్పుంది. నా ఎడమకాలికి రెండో వేలూ మూడో వేలూ పుట్టుకతోనే అతుక్కుని ఉంటాయి. క్లినిక్‌లో మూసిన బూట్లు తప్పనిసరి. అక్కడ నా పాదం చూసినవాళ్ళు ఎవరూ లేరు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. వేడి కాపడం ఆరోజు పెట్టలేదు, పెట్టినా అది చదరంగా ఉంటుంది. దిండు పొట్టకింద ఉంది. కొందరి చర్మం గీస్తే చాలు కందిపోతుంది కదా అని మొద్దు చెక్కపుల్లతో ఆమె చేతి మీద గట్టిగా గీశాను. ఏమీ కాలేదు. ఫోటో తీద్దామంటే పేషెంట్ సంతకం చేసిన ఫారం ఉండాలి. డెన్నిస్ ఫారం తెచ్చేలోపు గుర్తు చెరిగిపోయింది. మొత్తం పదకొండు నిమిషాలు కనబడింది.

అతను ఫారంకోసం వెళ్ళినప్పుడు అడిగాను. "ఎవరు తొక్కారండీ?"

"ఇంకెవరు? నువ్వే కదా."

"నేను అక్కడ కంప్యూటర్ దగ్గరున్నానండీ."

"ఇప్పటి నువ్వు కాదులే పాపగారూ" అన్నారు, మొహం కంతలోంచి ఎత్తకుండానే. మా ఊళ్ళో తప్ప నన్నెవరూ ఆ పేరుతో పిలవరు. "మాది మీ ఊరవతల పేటే. అప్పుడూ ఇదే నడుం. మీ గేటు కాడకొచ్చి బోర్లా పడుకున్నాను. నువ్వు పరిగెత్తుకొచ్చి కాలెత్తేవు. మీ నాయనమ్మగారు రెక్క పుచ్చుకు లాగేశారు, పేటోళ్ళకి తగలకూడదే అని. ఎత్తిన కాలు దించితేనా! కుంటుకుంటానే లోపలికెల్లిపోయావు."

"నేనని ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటి రోజే. ఆ నిలబడ్డం ఇంకెవరికుంటది?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే ముట్టుకుంటావా?"

ఆమె చెప్పింది నాకు జ్ఞాపకం లేదు. ఎంతోమంది వీపులు జ్ఞాపకమున్నాయి. గేటు దగ్గర పడుకున్న మనిషి జ్ఞాపకం లేదు.

డెన్నిస్ వచ్చి ఆమెని వెల్లకిలా తిప్పి మళ్ళీ కాలు ఎత్తి కొలిచాడు. డెబ్బై రెండు. నమ్మక నన్ను కొలవమన్నాడు. డెబ్బై రెండే. రూతమ్మగారు లేచి హాల్లో ఆ చివరిదాకా వెళ్ళి వచ్చారు. ఒరగడం లేదు.

"ఎక్సలెంట్. మాన్యువల్ థెరపీ, చేత్తో చేసిన చికిత్స అని రాసెయ్. నువ్వు పాస్" అన్నాడు డెన్నిస్.

"నేనేమీ చేయలేదు. మీరు చూస్తూనే ఉన్నారు."

"ఏదో చేసే ఉంటావు. నేను సరిగా చూడలేదేమో. ఆ ఎరుపు బల్ల అంచు ఒత్తుకుని అయి ఉంటుంది."

పావుగంట కిందట టేపు పెట్టి పాదం కొలిచిన మనిషి! అప్పటిదాకా అతనంటే నాకు కోపమే ఉండేది, ఆ క్షణంనుంచి అదీ దండగనిపించింది. బల్లకి అలాంటి అంచు లేదు. ఆమె వీపు పైకి ఉంది. అది అతనికి నాకంటే బాగా తెలుసు.

నేను రాసింది ఇది: చికిత్స ఏదీ జరగలేదు, విద్యార్థిని పేషెంట్‌కి రెండు మీటర్ల పది సెంటీమీటర్ల దూరంలో ఉంది. చేయని పని చేశానని రాసుకోవడం మా వంశంలో లేదు. చేసినవాటిలో ఎన్నింటిని రాయకుండా వదిలేశారో ఆరోజుదాకా నేను ఆలోచించలేదు.

డెన్నిస్ అది చదివి, పాస్ మాట వెనక్కి తీసుకున్నాడు. ఇంకో నాలుగు వారాలు పొడిగించాడు. నేను బతిమాలలేదు.

ఆదివారం నాన్నగారికి ఫోన్ చేశాను. రూతమ్మగారి పేరు ఎత్తలేదు. చిన్నప్పుడు నాచేత తొక్కించడం ఎందుకు మానేశారని మాత్రం అడిగాను.

"నీ కాలు వల్లేనమ్మా. ఉన్నట్టుండి ఓ రోజు ఎడమకాలు నేలకి ఆనించడం మానేశావు. నెలరోజులు ఒంటికాలి మీదే గెంతావు. కాకినాడ తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదన్నారు. దిష్టి తగిలిందని మీ నాయనమ్మ ఇంక ఎవరినీ రానివ్వలేదు."

గేటు లోపల జరిగిన ఈ నెలరోజుల కబురు రూతమ్మగారికి తెలిసే అవకాశం లేదు. నాకే తెలియదు.

తర్వాతి బుధవారం ఆమె చివరి విజిట్. కాలు డెబ్బై ఐదు డిగ్రీలు లేచింది. నిద్ర పడుతోందన్నారు, చర్చిలో గంటన్నర కూర్చోగలిగానన్నారు. డెన్నిస్ తలుపు దగ్గరే ఉన్నాడు. నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, బల్ల దగ్గరికి వెళ్ళాను. డెన్నిస్ ఉన్నాడని కాదు. ఉన్నాడనే వెళ్ళానన్నా ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

"రూతమ్మగారూ, ఒకసారి బోర్లా పడుకోండి. చేత్తో చూస్తాను."

ఆమె నా చేతుల వంక చూశారు. కోపం లేదు, వెటకారం కూడా లేదు.

"వొద్దులే అమ్మా. తగ్గిపోయింది కదా" అని బల్ల దిగి చెప్పులేసుకున్నారు.

ఆ నాలుగు వారాల్లో వేరే పేషెంట్లకి చేతులతో పనిచేసి పాసయ్యాను. అది మామూలు పని, దానిగురించి చెప్పడానికేమీ లేదు. దెయ్యాలంటే ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. పైగా దెయ్యం కావాలంటే ముందు ఎవరో చచ్చిపోవాలి. నేను బతికే ఉన్నాను. ఐదేళ్ళ నేను అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో, ఇన్నేళ్ళూ ఎక్కడ ఒంటికాలి మీద నిలబడి ఉందో, నేను చదివిన దేంతోనూ చెప్పలేను.

ఆరోజు రూతమ్మగారు కూతురి కారుదాకా నడుస్తుంటే కిటికీ అద్దంలోంచి చూశాను. మడమ ఆనింది, బరువు మారింది, బొటనవేలు నేలని తోసింది. రెండు కాళ్ళకీ ఒక్క తప్పు కూడా పట్టలేకపోయాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.