చంద్రపూర్‌లో ఏముందని అడిగినవాళ్లకు

తాడోబా పులుల అడవికి వెళ్తూ దారిలో చంద్రపూర్‌లో ఆగాలా వద్దా అని ఈమధ్య ఒకరు అడిగారు. అడగడం తప్పు కాదు. "బొగ్గు దుమ్ము తప్ప అక్కడేముందిలెండి" అని జవాబు కూడా వాళ్లే తగిలించారు చూడండి, దానికి నా ఒళ్లు మండింది. నేను పుట్టి పెరిగిన ఊరది, మరాఠీవాళ్ల మధ్య తెలుగు ఇళ్లున్న సరిహద్దు ఊరు. ఇదే మాట తొంభైల్లో మా ఆయన నోట విన్నాను, వీధివీధికీ ఎస్టీడీ బూతులు, ఇంటింటికీ కేబుల్ తీగలు వస్తున్న రోజుల్లో. ఆ ప్రయాణం గురించి రాస్తున్నాను. దారి వివరాలు మీకు పనికొస్తాయి, కోపం మాత్రం నాది.

అప్పుడు మేం విజయవాడలో ఉన్నాం. మా ఆయనది ఆ ఊరే. ఆయన పనిచేసే రంగు టీవీల కంపెనీ చంద్రపూర్‌లో కొత్తగా ఆఫీసు తెరుస్తూ, మీ ఆవిడది అక్కడే కదా, వెళ్తారా అని అడిగింది. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. విజయవాడలో నేను నోరు విప్పితే చాలు, పక్కింటివాళ్లు "మళ్లీ అను, మళ్లీ అను" అని పడీపడీ నవ్వేవారు. "గిట్ల", "ఏంది" అన్నందుకు మనిషిని ఆటబొమ్మ చేస్తారా? మూడేళ్లలో బయట మాట్లాడటమే మానేశాను. ఎలాగైనా మా ఊరికి వెళ్లిపోవాలని ఉండేది. ఆయన మాత్రం "ఓసారి చూసి చెప్తా" అన్నారు. చూసిన రోజు సాయంత్రమే మేనేజరుకు ఫోన్ చేసి ఔనో కాదో చెప్పాలి. అలా మే నెలలో ఒక్క రోజు కోసం బయలుదేరాం.

విజయవాడలో సాయంత్రం ఢిల్లీ వైపు వెళ్లే బండి ఎక్కితే కాజీపేట, కాగజ్‌నగర్ మీదుగా తెల్లవారేసరికి బల్లార్షా. కొన్ని బండ్లు చంద్రపూర్‌లో ఆగవు కాబట్టి బల్లార్షాలోనే దిగడం నయం. స్టేషన్ బయట సీట్ల లెక్కన ఆటోలుండేవి. అప్పట్లో మనిషికి ఐదు రూపాయలిస్తే అరగంటలో తీసుకెళ్లేవారు. మా డ్రైవరు మా ఆయనతో హిందీలో మొదలుపెట్టి, నా గొంతు వినగానే తెలుగులోకి దిగాడు.

"ఎవలింటికి అక్కా?"

"లాల్‌పేట్. మా మేనత్త ఇంటికి."

"గట్లయితే గని గేటు కాడ దించుత. సారు మొదటిసారి వస్తుండా?"

నా మాటకు నవ్వని మనిషి కనబడి ఎన్నాళ్లయిందో. నాకు కళ్లు నిండాయి. మా ఆయన ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

మా మేనత్త శాంతమ్మ భర్త బొగ్గు గనిలో పనిచేసేవాడు. లాల్‌పేట్‌లో బట్టలారేసే ముందు తీగను తడిగుడ్డతో తుడుస్తారు, లేకపోతే తెల్లచొక్కాకు నల్లగీత పడుతుంది. అత్త తుడుస్తుంటే చూసి మా ఆయన "రోజూ ఇదేనా?" అన్నారు. రోజూ అదే. అందులో అంత వింతేముంది? విజయవాడలో పంపునీళ్ల కోసం చీకటితో లేచేది నేను కాదా? అత్త అటుకులతో పోహా చేసి, మీద ఎర్రటి శనగల పులుసు పోసి పెట్టింది. ఆ వైపు పొద్దుటి టిఫిను అదే, వెళ్తే తప్పక తినండి. ఆయన "ఇడ్లీ దొరకదా?" అన్నారు. నేను ఆయన పళ్లెంలో ఇంకో గరిటె పులుసు పోశాను. అత్త అప్పటికే తన ముందుగది ఖాళీ చేసిపెట్టింది. "ఇల్లు దొరికెదాక ఈడనే ఉండుండ్రి" అంది.

గోండు రాజులు కట్టిన కోటగోడ ఊరి చుట్టూ ఉంటుంది. జట్‌పురా గేటు, రామాల చెరువు, చైత్రంలో జాతర జరిగే మహాకాళి గుడి, అన్నీ ఒక్క పూటలో చూడొచ్చు. ఎండాకాలమైతే పది గంటల్లోపు ముగించుకోవాలి. మా ఆయన స్నానం, పేపరు అయ్యేసరికే పది దాటింది. అత్త తువ్వాల తెచ్చింది.

"తలకు చుట్టుకో అల్లుడా. చెవులు గూడ మూయాలె."

"విజయవాడ ఎండలో పుట్టినవాణ్ణి అత్తయ్యా, నాకు ఎండ కొత్తా?"

"గది వేరు, గిది వేరు."

వినలేదు. పైగా దారిలో "మా ఊరికంటే నయమే, చుక్క చెమట లేదు" అని నాకు పాఠం చెప్పారు. అక్కడి పొడి ఎండలో చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్లు ఆరిపోతాయి. ఆ సంగతి మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. గోల్ బజార్ చేరేసరికి ఆయన నడక తడబడింది. ఒక బట్టల దుకాణం మెట్ల మీద కూలబడిపోయారు.

మధ్యాహ్నం కాబట్టి దుకాణం షట్టరు సగం దించి ఉంది. యజమాని నర్సయ్య లోపల పడుకుని ఉన్నవాడు లేచి వచ్చాడు. తాతల నాడే రాజురా వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. ఎవరు, ఎక్కడివాళ్లు అని ఒక్క ప్రశ్న వేయలేదు. నర్సయ్య, అతని భార్య, నేను కలిసి మా ఆయన్ని కూలర్ ముందుకు చేర్చాం. నర్సయ్య భార్య ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు రుద్దింది. ఆయన కళ్లు తెరిచాక, కాల్చిన పచ్చిమామిడి గుజ్జులో బెల్లం, జీలకర్ర కలిపిన పన్హా కొంచెం కొంచెంగా తాగించింది. పక్క సందు డాక్టరు కూడా వచ్చి చూసి వెళ్లాడు. నేను ఏడుస్తుంటే ఆమె నా వీపు నిమిరింది. "లూ తాకింది బిడ్డా, వడగాలి దెబ్బ, ఏం గాదు. పొద్దుమీకెవరకు లేస్తడు."

ఆమె అన్నట్టే సాయంత్రానికి లేచారు. అదే దుకాణంలో ఒక మూల ఎస్టీడీ బూతు ఉంది. తలుపు మూస్తే ఉక్కగా ఉంటుందని తెరిచే ఉంచి మాట్లాడారు.

"లేదు సార్, ఇక్కడ మనిషన్నవాడు బతకలేడు. ఊరు కాదిది, బొగ్గులకుంపటి. ఇంకెవరినైనా పంపండి."

నర్సయ్య అడుగు దూరంలో చీరలు మడతపెడుతున్నాడు. కబురు అంది వచ్చిన అత్త స్టూలు మీద కూర్చుని ఉంది. ఇద్దరూ విన్నారు. ఆయన బయటికి రాగానే నర్సయ్య అడిగిందొక్కటే. "తలకాయ నొస్తందా ఇంకా? రైల్ల తాగెతందుకు సీసాల పన్హ పోసిస్త, ఆగు."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది నాకు. మెట్లు దిగాక ఆయన్ని ఆపాను.

"మీరు పోండ్రి. నేను రాను."

"అదేంటి సుజాతా, టికెట్లున్నాయిగా."

"మనిషన్నోడు బతకలేడంటిరి. మరి మీ కాళ్లు పట్టుకొని రుద్దినామె ఎవలు? మా అత్త ఎవలు? నేనెవల్ని?"

బయట మాట్లాడటం మానేశాక ఆయనతో కూడా మా ఊరి మాటలో మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన తల దించుకున్నారు. అయినా తిరిగి ఫోను దగ్గరకు వెళ్లలేదు, సీసా పట్టుకుని ఒక్కరే బల్లార్షా ఆటో ఎక్కారు.

నేను అత్త దగ్గర వారం ఉండి విజయవాడ వెళ్లాను. ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఆయనతోనే ఇన్నేళ్లూ కాపురం చేశాను, చెడ్డవాడేం కాదు. కానీ ఆ సాయంత్రం కోపం చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు. పక్కింటివాళ్లు నవ్వినా నా మాట నేను మాట్లాడుతూనే ఉన్నాను, వాళ్లే నవ్వి నవ్వి మానుకున్నారు. చూడటానికి ఏముందని ఊళ్లను తూకం వేసేవాళ్లను చూస్తే ఇప్పటికీ మండుతుంది. మా ఊళ్లో దుమ్ముంది, ఎండ ఉంది, మెట్ల మీద పడిపోయినవాణ్ణి పేరడక్కుండా లోపలికి మోసుకెళ్లేవాళ్లు ఉన్నారు. ఇక వెళ్లేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే. అక్కడ మీ పక్కన నిలబడ్డవాళ్లకు తెలుగు వస్తుంది, ఊరు నచ్చకపోతే ఆ మాట రైలు కదిలాక చెప్పుకోండి.