తాడు కట్టిన కారులో తార్నాకకు, కెమెరా వెంట ఇంజను లోపలికి

లడఖ్ వెళ్ళినవాళ్ళు లడఖ్ గురించి రాస్తారు. నేను నల్లకుంట నుంచి తార్నాకకు వెళ్ళాను, కాబట్టి దాని గురించే రాస్తాను. దూరం ఐదారు కిలోమీటర్లు, పట్టిన సమయం గంటకు పైనే. నా కారులో ప్రాణం లేదు మరి. ముందు ఒక ట్రాలీ ఆటో, వెనక కారులో నేను, మధ్యన కొబ్బరి తాడు. మీ బండి ఇంజను కూడా ఏదో ఒకరోజు టకటకమంటే ఈ దారి మీకూ పనికొస్తుంది.

మా టకటక కిందటి సోమవారం మొదలైంది. అప్పుడు కారు నడుపుతున్నది యాదగిరి, చప్పుడు వినగానే ఆపేశాడు. నాలుగేళ్ళుగా బండి అతని చేతిలోనే ఉంది. పొద్దున నలుగురు టీచర్లను బడి దగ్గర దించుతాడు, సాయంత్రం తెస్తాడు, ఆదివారం మమ్మల్ని తిప్పుతాడు. మా వీధి మెకానిక్ బానెట్టు ఎత్తకుండానే, "ఆయిల్ లేకుండ నడిపిండు సార్, బేరింగులు పోయినయ్" అని తేల్చేశాడు. నేనూ బానెట్టు ఎత్తి, ఇంజను స్టార్ట్ చేయించి, పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజనుకు, రెండో కొన చెవి వెనక ఎముకకు ఆనించి విని, గంభీరంగా తలూపాను. నా చదువు సంగతి ఇక్కడ చెప్పాలి. అచ్చాఫీసులో మెషీను తిప్పినవాణ్ణి. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వర్క్‌షాపు పుస్తకాలు కొని ఇంజన్ల విద్య నేర్చుకున్నాను. గురువు లేని చదువులో ఒక గొప్ప సుఖం ఉంది, తప్పని చెప్పేవాడుండడు.

యాదగిరి వాదించలేదు. తాళంచెవి మా దేవుడి గూట్లో పెట్టి, "ఆయిల్ చూడకుండ ఏనాడూ బండి తియ్యలే సార్. నమ్మకం లేనంక నడుపుడెందుకు" అని వెళ్ళిపోయాడు. ఇంజను పోతే ఇంకో ఇంజను దొరుకుతుంది. ఆ మాట మాత్రం మూడు రోజులు ఇంట్లోనే తిరిగింది.

తార్నాక నుంచి లాలాపేట్ వెళ్ళే దారిలో అనిత అనే అమ్మాయికి షెడ్డు ఉందనీ, ఇంజను విప్పకుండానే లోపలికి కెమెరా పంపి చూస్తుందనీ తెలిసింది. తెలిసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. యాభై ఏళ్ళుగా ఇంజన్ల గురించి ఉపన్యాసాలిస్తున్నాను, ఒక్క ఇంజను కడుపులోకీ తొంగి చూసింది లేదు. కారును అక్కడికి చేర్చేదెవరు? ఫోన్ చేస్తే యాదగిరే తన బామ్మర్ది ట్రాలీ వేసుకుని వచ్చాడు. "మీ కోసం కాదు సార్. నా పేరు కోసం" అన్నాడు తాడు ముడి బిగిస్తూ.

పొద్దున ఆరుంబావుకు బయల్దేరాం. విద్యానగర్ మీదుగా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి, అటు నుంచి తార్నాక చౌరస్తాకు. క్యాంపస్ లోపలికి బయటి బండ్లను ఒక్కోసారి రానివ్వరు, గేటు దగ్గర అడిగి వెళ్ళండి. ఇంజను ఆగిన కారులో స్టీరింగు రుబ్బురోలంత బరువు, బ్రేకు రాయి. రెండు కాళ్ళతో తొక్కితే గాని కారు నా మాట వినలేదు. అయినా నేను ఇంత సంబరంగా ఎప్పుడూ ప్రయాణించలేదు. మనిషి నడక వేగంలో క్యాంపస్ చూశారా మీరు? పుస్తకం చేతబట్టుకుని పైకి చదువుకుంటూ తిరిగే పోటీ పరీక్షల పిల్లలు, మంకీ క్యాపుల్లో ప్రొఫెసర్లు, కాలేజీ రాతి కట్టడం మీద లేత ఎండ. నడకకు వచ్చిన ఒకాయన కిటికీ పక్కన కాసేపు నాతో సమానంగా నడిచి, "ఏమైంది పెద్దాయనా, పెట్రోల్ పోయించలేదా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ట్రాలీలోంచి యాదగిరి కేకేశాడు. "పెట్రోల్ ఉన్నది సార్! ఇంజనే లేదు!"

తార్నాకలో ఇడ్లీ బండి దగ్గర ఆగాం. ప్లేటు నలభై, వేడివేడిగా బాగున్నాయి. యాదగిరి నాకు దూరంగా నిలబడి తిన్నాడు. "గా సార్‌కు అల్లం చట్నీ ఎక్కువ వెయ్యమ్మా" అని బండి ఆవిడతో చెప్పాడు, నా వైపు తిరక్కుండానే.

ఎనిమిదికి షెడ్డు తెరిచింది అనిత. మాణికేశ్వర్ నగర్‌లో పుట్టి, గోడ అవతలి క్యాంపస్‌లోనే ఇంజనీరింగ్ చదివిందట. ముప్పై ఏళ్ళుంటాయి. నేను ఉత్సాహం ఆపుకోలేక, "స్టార్ట్ చేసి చప్పుడు వినిపించనా?" అన్నాను.

"వద్దంకుల్! లోపల ఏమున్నదో తెల్వకుండ ఇంకొక్కసారి తిప్పితే, మంచిగున్నది కూడ ఖరాబైతది."

ముందు ఆయిల్ పుల్ల తీసింది. ఆయిల్ గీత దాకా ఉంది. వేళ్ళ మధ్య రుద్ది ఎండలో చూసింది, మెరుపు లేదు. "బేరింగులు అరిగితే గీ ఆయిల్ల జరీ తీరు మెరవాలె" అంది. "తర్వాత పోసి ఉండొచ్చుగా" అన్నాను. యాదగిరి నా వంక చూసి మళ్ళీ రోడ్డు వంక చూశాడు.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి బల్ల మీద వరసగా పెట్టింది. మూడు చక్కటి కాఫీ రంగులో ఉన్నాయి. రెండో సిలిండర్‌ది మాత్రం ఎవరో సుత్తితో కొట్టినట్టు ముక్కు అణిగిపోయి, నిప్పురవ్వ దూకాల్సిన సందు పూర్తిగా మూసుకుపోయింది.

"కింద బేరింగు పోతే మీద ప్లగ్గు నోరెందుకు మూసుకుంటది అంకుల్?"

నేను ఆ ప్లగ్గు అందుకుని, మూసుకున్న సందులో గోరు దూర్చి చూశాను.

అప్పుడు కెమెరా వచ్చింది. మందపాటి తీగ, దాని చివర శనగగింజంత దీపం. ప్లగ్గు రంధ్రంలోంచి దింపగానే ఫోన్ తెర మీద ఒక గుహ తెరుచుకుంది. నేను చూసిన గుహలన్నీ దీని ముందు దిగదుడుపే! గోడలు అద్దంలా మెరుస్తున్నాయి. అడుగున పిస్టన్ తల మీద ఎటు చూసినా గుంటలు, తిరగలికి కొత్తగా గాట్లు కొట్టినట్టు. ఒక మూల కందిపప్పు బద్దంత ఇనప ముక్క. "అదుగో! అదుగో!" అని అరిచాను. అనిత అయస్కాంతం పుల్లతో దాన్ని పైకి లాగి నా అరచేతిలో పెట్టింది. నలిగిన స్క్రూ.

"ఇది ఇంజనులది కాదు. మీదికెళ్ళి పడ్డది" అంటూ ఇంటేక్ మానిఫోల్డ్ విప్పింది. ఇంజనుకు గాలి పంచే చెయ్యి అది. నాలుగు వేళ్ళలాంటి గొట్టాలు, ఒక్కో గొట్టంలో గాలిని తిప్పే చిన్న రేకు మూత, ఒక్కో మూతకు రెండు స్క్రూలు. మొత్తం ఎనిమిది ఉండాలి, ఏడే ఉన్నాయి. రెండో గొట్టంలోది ఊడి, గాలితో పాటు సిలిండర్‌లోకి జారి, పిస్టన్‌కూ పైకప్పుకూ మధ్య నలుగుతూ ప్లగ్గు ముక్కు అణిచింది.

ఒక్కో స్క్రూ తల మీద గులాబీ రంగు చుక్క ఉంది. ఊడినచోట మాత్రం రేకు మీద సగం చుక్క, నెలవంకలాగా.

"ఎవడో నెయిల్ పాలిష్ పెట్టిండు. మంచి పద్ధతే. బిగించినంక స్క్రూ మీద, రేకు మీద కలిపి చుక్క పెడితే, స్క్రూ కదిలిందంటే తెలుస్తది. కాని వీడు బిగించకుండనే పెట్టిండు, చూడుండ్రి." వేలితో తిప్పితే ఇంకో స్క్రూ కూడా తిరిగింది. "ఎవరంకుల్ ఈ బుద్ధిమంతుడు?"

యాదగిరికి తెలుసు. కిందటి దసరా పొద్దున నేను మానిఫోల్డ్ విప్పి మసి కడుగుతుంటే, గుమ్మడికాయ చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు వంగి తాడు చుట్ట చుట్టుకుంటున్నాడు. నేను ఊరుకుంటే ఆ బుద్ధిమంతుడు ఎవడో మెకానిక్‌గానే మిగిలిపోయేవాడు.

"నేనే" అన్నాను. "పూజ వేళ మించిపోతోందని మా ఆవిడ కేకలు. చుక్కలు ఆరడానికి టైము పడుతుందని ముందే ఎనిమిదింటికీ పెట్టేశాను, పూజయ్యాక బిగిద్దామని. తిరిగొచ్చి చూస్తే అన్నిటికీ చుక్కలున్నాయి. చుక్క ఉంది కాబట్టి బిగించేశాననుకున్నాను."

"నెయిల్ పాలిష్ మేడమ్‌ది, స్క్రూ మీది. తిట్లు మాత్రం నాకొచ్చినయ్" అన్నాడు యాదగిరి. అనిత పక్కుమంది. అతను నవ్వలేదు.

"తప్పు నాదే యాదగిరీ. వినకుండా తీర్పు చెప్పాను."

"విన్నరు సార్. స్క్రూడ్రైవర్‌తోని విన్నరు. నన్ను వినలే."

అనిత సిలిండర్ల ఒత్తిడి కొలిచింది. మూడు బాగున్నాయి, రెండోది సగమే. ఆ పైకప్పు, అంటే హెడ్డు, తెరిచి ఒక వాల్వు మార్చాలి, పిస్టన్ తల గరుకు తీయాలి, దారి పొడవునా ఇంకే ముక్కా మిగలకుండా కడగాలి. "అడుగు భాగం ఫస్ట్ క్లాస్ ఉన్నది అంకుల్. చప్పుడు రాంగనే అన్న బండి ఆపిండు కాబట్టి బతికింది. ఇంకో కిలోమీటర్ నడిపి ఉంటే ఇంజను దండగ."

జేబులోంచి తాళంచెవి తీసి యాదగిరి ముందు పట్టుకున్నాను. తీసుకోలేదు. "ఇప్పుడొద్దు. చెల్లె బిగించినంక ఎనిమిది స్క్రూలు నేను తిప్పి చూస్త. అప్పుడియ్యిండ్రి."

"మరి చుక్కలు?"

"అవి మీరే పెట్టుండ్రి. ఆఖర్ల." ఈసారి నవ్వాడు.

తిరుగు ప్రయాణం ట్రాలీలో, అతని సీటు అంచున. క్యాంపస్ మీద ఎండ ముదిరింది. దారంతా గుహ గురించి నేనే మాట్లాడాను, అతను ఊఁ కొట్టాడు. ఇన్నేళ్ళుగా ఇంజను అబద్ధం చెప్పదని నమ్మేవాణ్ణి. నిజమే, అది చెప్పలేదు, నా చుక్కలే చెప్పాయి. పని జరిగిందనడానికి మనం పెట్టుకునే గుర్తును చూసి పని జరిగిందని నమ్మే జబ్బు నాలాంటి సొంత చదువు వాళ్ళకు ఎక్కువనుకుంటాను. ఆ గుర్తు కింద ఏమీ లేదని తెలిసేలోగా, పక్కన గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డవాడే దొంగవుతాడు.

వెళ్ళబోయేవారికి ఒకే సలహా: ఇంజను టకటకమంటే అక్కడికక్కడే ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయకుండా తాడు కట్టి తీసుకెళ్ళి ముందు ప్లగ్గులు విప్పించండి. నడిపినవాడి మీద తీర్పు ఆ ప్లగ్గులు చూశాకే.