నిండుకుందని చెప్పడం

పొద్దున షట్టరు ఎత్తగానే గొంతులోకి కారం ఘాటు వచ్చింది. పెనుగంచిప్రోలు నుంచి నిన్న దిగిన ఎండుమిరప బస్తాలు వెనక గదిలో ఉన్నాయి. దగ్గుతూనే లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. మా పచ్చళ్ళ వెబ్‌సైటుకి వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీవాళ్ళు ఆపేస్తున్నారు. సాయంత్రం లోపు దాని బదులు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి, మన దగ్గరున్న సరుకు లెక్కను జాడీ జాడీకీ ఎక్కించుకునేది. అది తీసుకుంటే ఈ కొట్టు ఉండాలి, పచ్చళ్ళు పెట్టే ఆడవాళ్ళు ఉండాలి, నేను రోజూ నందిగామలో బస్సెక్కి, చిల్లకల్లులో దిగి, ఆటోలో జగ్గయ్యపేట రావాలి. రెండోది డ్రాప్‌షిప్పింగ్‌ది. దానికి ఇవేవీ అక్కర్లేదు. ఆర్డరు మనకి వస్తుంది, ఇంకెవరో చేసిన పచ్చడి మన పేరున్న డబ్బాలో నేరుగా వెళ్ళిపోతుంది. నేను ఇంటి దగ్గరే ఉండవచ్చు. అలసిపోయిన మనిషికి అది చిన్న విషయం కాదు. "మంచినీళ్ళు తాగు సునీతా, మిరపకాయలతో నీకు పోట్లాటెందుకు" అని లోపలి నుంచి వినిపించే గొంతు ఇప్పుడు లేదు. కోటేశ్వరమ్మగారు పోయి ఏడాది కావస్తోంది.

ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం పోయి, ఏ పనైనా సరే అనుకున్న రోజుల్లో ఆవిడ కొట్లో చేరాను. చేరిన కొత్తలో ఒకాయన వచ్చి చింతకాయ పచ్చడి అడిగాడు. "లేదండీ" అన్నాను. ఆయన మెట్లు దిగకముందే ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు.

"చింతకాయ నిండుకుంది బాబూ. వచ్చే నెల్లో పెడతాం, అప్పుడు రా" అని ఆయనకి చెప్పి, నా వైపు తిరిగారు. "ఇంట్లో ఉప్పు అయిపోతే లేదంటావా?"

"అనమండి. నిండుకుందంటాం."

"మరి ఇక్కడ నోరెందుకు రాలేదు?"

"కొట్లో కూడా అలాగే అనాలా అండీ?"

"లేదంటే వెళ్ళిపోతాడు. నిండుకుందంటే మళ్ళీ ఎప్పుడొస్తుందని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెప్పలేకపోతే కొట్టెందుకు, తాళం వేసుకుని అరుగు మీద కూర్చుందాం."

లేదనడం అశుభమని అందరిళ్ళలోనూ అనుకుంటారు. ఆవిడకి అలాంటి పట్టింపులు పెద్దగా లేవు, మంగళవారం కూడా గల్లాపెట్టె తెరిచేవారు. నిండుకుందన్న మాటకి ఆవిడ లెక్కలో అర్థం వేరు. ఇది మళ్ళీ వస్తుంది, తెచ్చే పూచీ మాది అని. నాకు అది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత కొన్నేళ్ళకి వెబ్‌సైటు పెట్టాం. దాన్ని చూసుకునే కిరణ్‌ది హైదరాబాదు. ఒకసారి కొట్టుకి వచ్చినప్పుడు అతను డ్రాప్‌షిప్పింగ్ సంగతి ఎత్తాడు. "అమ్మగారూ, సరుకు మన దగ్గర ఉండాల్సిన పనే లేదండీ. వేరేవాళ్ళు చేస్తారు, పేరు మనది."

ఆవిడ వెల్లుల్లి ఒలవడం ఆపారు. "అంటే ఫోటోలో పెళ్ళికొడుకు ఒకడు, పీటల మీద ఇంకొకడూనా?"

అతనికి నవ్వు ఆగలేదు. "అలా కాదండీ."

"పచ్చడి బాలేదని ఫోన్ చేస్తే ఎవరెత్తాలి?"

"మనమేనండి."

"తిట్లు మనకి, పచ్చడి వాళ్ళది. బాగుంది నాయనా నీ బేరం" అని మళ్ళీ వెల్లుల్లి అందుకున్నారు.

రోజూ పొద్దున జాడీల గదిలో నిలబడి ఆవిడ నాకు వాయిస్ మెసేజ్ పెట్టేవారు. ఏది ఎంత ఉందో విని నేను సైటులో ఎక్కించేదాన్ని. ఒక కార్తీకంలో మా అమ్మని విజయవాడ ఆసుపత్రిలో చేర్చి నేను అక్కడే ఉండిపోయాను. నా బదులు కిరణ్ ఆఫీసులో ఒక అమ్మాయి ఆ మెసేజ్‌లు వినేది. "ఆవకాయ నిండుకుంది" అన్నారు ఈవిడ. ఆ అమ్మాయి జాడీలన్నీ నిండా ఉన్నాయనుకుని అలాగే ఎక్కించింది. నేను తిరిగి వచ్చేసరికి లేని ఆవకాయకి ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు వచ్చి ఉన్నాయి, డబ్బులు కూడా కట్టేశారు. ఆ నెలలో మామిడికాయ ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఆ అమ్మాయి ఫోన్లో ఏడుస్తోంది. "ఫుల్‌గా ఉందంటున్నారనుకున్నానండీ."

"మీ ఇంట్లో ఏమంటారమ్మా?"

"అయిపోయింది అంటామండీ."

"నీ తప్పేముందిలే. మాటే అలా ఉంది" అన్నారు కోటేశ్వరమ్మగారు.

బయట కొని, మన లేబుల్ వేసి పంపేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడు కిరణ్. ఆవిడ కోప్పడలేదు. నంబర్లు నన్ను చదవమని, ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేశారు. "ఆవకాయ నిండుకుందండీ, తప్పు మాదే, డబ్బు పంపించేస్తున్నాం." చాలామంది తిట్టారు. ఒకతను, "నిండితే పంపడానికేం రోగం?" అన్నాడు. కొందరు మాత్రం, "సరే, మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని అడిగారు. అలా అడిగినప్పుడల్లా ఆవిడ ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టి, విన్నావా అన్నట్టు నా వంక చూసేవారు. అన్ని ఫోన్లూ అయ్యేసరికి గొంతు పూర్తిగా పోయింది. తిట్టినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ మా వైపు రాలేదు. అడిగినవాళ్ళకి వేసవిలో మొదటి జాడీలోంచి వెళ్ళింది.

నిండుకుందన్న మాటను ఆవిడ తన గురించి ఎప్పుడూ అనలేదు. ఆసుపత్రి మంచం మీద అని ఉంటే రాసుకోవడానికి బాగుండేది. కానీ చివరిసారి మాట్లాడింది అట్టపెట్టెల గురించి. "కొత్తవి పల్చగా ఉన్నాయి, వెనక్కిచ్చెయ్." ఇచ్చేశాను. కొట్టు నేనే నడుపుకోవాలని అంతకుముందే చెప్పి ఉంచారు. ఏడాదిగా నడుపుతున్నాను. ఆవిడ ఉన్నప్పుడు తెలియని బరువు ఇప్పుడు తెలుస్తోంది.

మధ్యాహ్నం డ్రాప్‌షిప్పింగ్ కంపెనీకి ఫోన్ చేశాను. తీసుకుందామనే చేశాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "స్టాక్ అయిపోతే ఆ ఐటమ్ సైటులో దానంతటదే కనపడకుండా పోతుంది మేడం. మీరేం చెయ్యక్కర్లేదు."

"మళ్ళీ ఎప్పుడొస్తుందో అడిగితే?"

"అది సప్లయర్‌ని బట్టి మేడం. మన చేతిలో ఉండదు."

థాంక్స్ చెప్పి పెట్టేశాను. కాసేపయ్యాక కిరణ్‌కి ఫోన్ చేసి మొదటిదే ఖాయం చెయ్యమన్నాను.

"పని తగ్గదు మేడం, ఆలోచించుకున్నారా?"

"తగ్గదు."

"అవుట్ ఆఫ్ స్టాక్ అని వచ్చేచోట తెలుగులో ఏం పెట్టమంటారు?"

"నిండుకుంది అని పెట్టండి."

"మళ్ళీనా! ఫుల్‌గా ఉందనుకుంటే?"

"మళ్ళీ ఎప్పుడొస్తుందో పక్కనే రాద్దాం."

సాయంత్రం కూర్చుని రాశాను. ఆవకాయ పక్కన వేసవి, చింతకాయ పక్కన చలికాలం. నిమ్మకాయ దగ్గర చెయ్యి ఆగింది. లోపలికి వెళ్ళి, జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పి చూశాను. అడుగు కనిపిస్తోంది. మిరప ఘాటుకి మళ్ళీ దగ్గు వచ్చింది. మంచినీళ్ళు తాగి, వచ్చి కూర్చుని, 'వచ్చే నెల' అని రాశాను. ఇక ఆ పచ్చడి పెట్టాలి.