బీడీ తాగని మనిషి

అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా ఆఫీసు. డాక్టర్లు రాసిన కేసు షీట్లను కంప్యూటర్‌తో చదివించి, ఫలానా జబ్బున్న వాళ్లను ఏరి, పరిశోధన చేసేవాళ్లకు అప్పగించడం మా పని. ఆ ఏడాది రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లు కావాలన్నారు, కొత్త మందు పరీక్షించడానికి. బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లు మాత్రం పనికిరారు. కంప్యూటర్ ఏరిన వాళ్లలో మేస్త్రీలున్నారు, సూపర్‌వైజర్లున్నారు. రాయి కోసే కూలీ ఒక్కడూ లేడు.

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఏళ్ల తరబడి రాళ్లు కోసి, ఆయాసంతో ఇక చేతకాక గేటు దగ్గర చేరాడు. నారాయణగూడ మార్కెట్‌కు వెళ్తే దారిలో కూర్చుంటూ కూర్చుంటూ వచ్చేవాడు. అతని భార్య మా ఇంట్లో గిన్నెలు తోమేది. ఆ మందు సంగతి ఆమెకు నేనే చెప్పాను. ఇద్దరూ ఆసుపత్రికి వెళ్తే, అతని కేసు షీట్లో బీడీ అలవాటు ఉందని రాసి ఉంది, కుదరదు పొమ్మన్నారట.

"ఒట్టమ్మా, ఆయన బీడీ ముట్టలే. ఆ వాసనకే కడుపుల తిప్పుతది ఆయనకు. అసలు ఎవ్వరు అడగనే లే."

వెళ్లి వార్డులో ఉన్న జూనియర్ డాక్టర్ని నిలదీశాను.

"కూలిపని, దగ్గు అంటే బీడీ అని రాసేస్తం మేడం. బయట లైన్ చూసిన్రు గదా, ఒక్కొక్కర్ని అడుక్కుంట కూసుంటే అయితదా?"

అందరినీ ఒకే గాటన కట్టేశారు. కంప్యూటర్‌కేం తెలుసు, రాసింది రాసినట్టు నమ్మింది. నాకు ఒళ్లు మండిపోయింది. పట్టుబట్టి అతని కాగితం దిద్దించాను. కూలీలందరినీ మళ్లీ అడిగిద్దామని ఆఫీసులోనూ గొడవపడ్డాను. కావలసినంతమంది దొరికారు, ఇక చాలన్నారు మావాళ్లు. కాగితం దిద్దించినా అతనికీ చోటు దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

వానలు మొదలవగానే అతను పోయాడు. మూడోనాడు అంబర్‌పేట్ శ్మశానంలో పిట్టకు పెడుతుంటే నేనూ వెళ్లాను. కాకి వచ్చి ముట్టాలని, పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడతారు. సామాను తెచ్చిన బస్తీ పెద్దమనిషి, అందరికీ పెట్టినట్టే, కల్లు పక్కన బీడీ కట్ట పెట్టాడు.

ఆమె వంగి ఆ కట్ట తీసి దూరంగా విసిరేసింది.

"ఆయన తాగడు," అంది. పెద్దమనిషి నమ్మనట్టు చూశాడు. ఆమె నావైపు తిరిగింది. "జర నువ్వన్న చెప్పమ్మా."

చెప్పాను. అందరికీ వినపడేలా చెప్పాను.