కూత పెట్టని మనిషి

సోమవారం పొద్దున మా పెదనాయన ఖమ్మం దవాఖానాలో పోయాడు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్త వేశారు: ‘అలనాటి కబడ్డీ కూత వీరుడు ఇక లేరు.’ చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన జన్మలో ఒక్క కూత పెట్టి ఎరగడు. ఆయన పట్టేవాడు. కుడి కార్నర్‌లో వంగి నిలబడి, కూతకొచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకుని నేల కరిపించేవాడు. చచ్చాక కూడా ఆయనకు పక్కవాడి పేరే పెట్టారు.

పేపరువాళ్ళను అని ఏం లాభం? దమ్మపేట పక్కన మా ఊళ్ళోనూ కబడ్డీ అంటే కూతే. జనం ఈలలు వేసేది కూతకే.

పెదనాయనకు మైదానం బయట కూడా మూలే ఇష్టం. చర్చిలో ముందుకొచ్చి కూర్చోమని పాస్టరుగారు పిలిస్తే, “నాది కార్నరే అయ్యగారూ, ఈడనే బాగుంటది” అని గోడవారకు జరిగేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆట చూపిస్తూ చెప్పేవాడు: “మొకం జూడకు బిడ్డా. మొకం అబద్ధమాడ్తది. కాళ్ళు జూడు.” ఈ మాట నాకు చదువుకన్నా ఎక్కువ అక్కరకొచ్చింది. ఎదుటివాడు ఎంత తియ్యగా నవ్వినా, వాడి అడుగు ఎటు పడుతోందో నేను ఇప్పటికీ చూస్తాను.

మా జట్టు కూతగాడు ఊరి పెద్ద రైతు కొడుకు. అందరికీ చినబాబు. భద్రాచలం పోటీల ఫైనల్లో చినబాబు అవుటై గీత బయట కూర్చున్నాడు. ఆటలో అవుటైనవాణ్ణి చచ్చాడంటాం. అవతలివాణ్ణి మనవాళ్ళు పట్టుకుంటే చచ్చినవాడు బతికి లోపలికొస్తాడు. చివర్లో పెదనాయన ఒక బండలాంటి మనిషి కాలు పట్టాడు. వదల్లేదు. వాడు తిరగబడి మోకాలి మీద పడ్డా వదల్లేదు. చినబాబు బతికి లోపలికొచ్చి కప్పు గెలిచాడు. పెదనాయన మోకాలు విరిగింది. పసరు కట్లు కట్టించినా ఆ కాలు మళ్ళీ తిన్నగా సాగలేదు.

ఆ ఆట చూసిన కంపెనీ ఆఫీసరొకాయన చినబాబుకు ఉద్యోగమిస్తానని ఊరికొచ్చాడు. ఆ పట్టినతను ఎవరని కూడా అడిగాడు. పెద్ద రైతు నవ్వి, “పట్టేటోళ్ళదేముందండీ, ఎవడైనా పడతాడు” అన్నాడు. అరుగు కింద కట్టుకట్టిన కాలితో కూర్చున్న పెదనాయన విన్నాడు. ఆ తర్వాత బతుకంతా అదే రైతు మామిడితోటకు కాపలా కాశాడు.

చినబాబు సెలవులకు వచ్చినప్పుడల్లా తోటకొచ్చి ఆయన భుజం చరిచేవాడు. “నన్ను బతికించింది నువ్వే కదరా!”

“అవ్ బాబూ,” అనేవాడు పెదనాయన. “మరి నన్నెవలు బతికిస్తరు?”

చినబాబు అదేదో హాస్యమైనట్టు పగలబడి నవ్వేవాడు. నాకైతే ఆ నవ్వు మీద ఇంత మన్ను పోయాలనిపించేది.

సమాధి చేసేనాడు చినబాబు పెద్ద దండతో వచ్చాడు. పాస్టరుగారు రెండు మాటలు చెప్పమంటే తన కూతల గురించి చాలాసేపు చెప్పాడు. ప్రార్థన అయ్యాక పెట్టె మూత వేయబోతే పడలేదు. పెదనాయన మోకాలు అడ్డమొచ్చింది. వడ్రంగి తల గోక్కున్నాడు. చినబాబు ముందుకొచ్చి, “కొంచెం నొక్కితే సరిపోతది” అని మూత మీద రెండు చేతులూ ఆన్చాడు.

అప్పటిదాకా గుడ్లలో నీళ్ళు కుక్కుకుని కూర్చున్న మా పెద్దమ్మ దిగ్గున లేచింది.

“నొక్కకు బాబూ. బతికున్నప్పుడు నొక్కింది చాలదా?”

చినబాబు చేతులు తీసేశాడు. వడ్రంగి కొత్త చెక్కలు తెచ్చి పెట్టె అంచులు ఎత్తు పెంచేదాకా పెద్దమ్మ ఆ వంకర మోకాలి మీద చెయ్యి వేసి నిలబడింది.